దెయ్యానికి తాను కామెడీలో ఉన్నట్టు తెలియకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నలుగురు స్నేహితులు, మూతపడబోతున్న హాస్టల్, అందులో ఒక దెయ్యం. సినిమా రఫ్ కట్, అంటే మొదటి ముతక ఎడిట్, 118 నిమిషాలు. 18–25 ఏళ్లవాళ్లని కూర్చోబెట్టి చూపిస్తే మొదటి గంట పడీపడీ నవ్వారు, గంట దాటాక ఒక్కొక్కరే ఫోన్లు బయటికి తీశారు. అయిపోయాక "బాగుంది బ్రో" అన్నారు గానీ భయమేసిందని ఒక్కరూ అనలేదు. ఇప్పుడు కామెడీ పెంచాలా, హారర్ పెంచాలా?

రెండూ పెంచకండి. ముందు ఆ మొదటి గంట నవ్వులన్నీ వరసగా ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతిదాని పక్కనా "ఎవరి మీద నవ్వారు" అని ఇంకో గడి పెట్టండి. సగానికి పైగా దెయ్యం మీదే ఉంటే జబ్బు దొరికినట్టే. దెయ్యం కాలు జారింది, దెయ్యానికి తుమ్మొచ్చింది, దెయ్యం సెల్ఫీలో పళ్లికిలించింది. ఇవి ఆ క్షణానికి హాలుని ఊపేస్తాయి. కానీ అలా నవ్విన ప్రతిసారీ చూసేవాడు లోపల ఒక లెక్క వేసుకుంటాడు: ఇది ఎవర్నీ ఏమీ పీకలేదు. ఆ లెక్క కుదిరిపోయాక, డెబ్బయ్యో నిమిషంలో అదే దెయ్యం ఒకడి గొంతు పట్టుకుంటే ఎవడికి భయం? భయం లేని చోట పాత్రల కేకలు వట్టి గోలే. ఫోన్ జేబులోంచి బయటికొచ్చేది సరిగ్గా అక్కడ.

సినిమా గురించి తాత్వికంగా ఆలోచించే నోయల్ కారోల్ 1999లో హారర్‌నీ హాస్యాన్నీ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం రాశాడు. రాక్షసుడైనా విదూషకుడైనా మనకి అలవాటైన కొలతల్లో ఇమడని ఆకారాలే అంటాడు. చచ్చీ బతికున్నది, మనిషీ జంతువూ కానిది, ఉండాల్సినదానికంటే పెద్ద తల ఉన్నది. ఆ ఆకారం హాని చేస్తుందని నమ్మితే వణుకుతాం. ప్రమాదం తీసేస్తే అదే ఆకారాన్ని చూసి నవ్వుతాం. ఎడిట్ టేబుల్ దగ్గర దీన్ని మించిన సూత్రం లేదు. మీ చేతిలో ఉన్న మీట ఒక్కటే, ప్రమాదం. దాన్ని మీరు మొదటి గంటలోనే పూర్తిగా కిందికి దించేశారు, మళ్లీ పైకి లాగితే రావడంలేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1948లో యూనివర్సల్ వాళ్లు తీసిన "అబాట్ అండ్ కాస్టెల్లో మీట్ ఫ్రాంకెన్‌స్టైన్"లో ఇద్దరు హాస్యనటులు తమ మామూలు ధోరణిలో గొడవపడుతూ ఉంటారు. డ్రాక్యులాగా బేలా లుగోసీ, తోడేలు మనిషిగా లాన్ చేనీ జూనియర్ మాత్రం తమ పాత సినిమాల్లో ఎంత సీరియస్‌గా ఉన్నారో దాదాపు అలాగే ఉంటారు. భయం రాక్షసుల పని, నవ్వు మనుషుల పని. మీ సినిమాలో పనుల పంపకం తారుమారైంది.

ఇక ఈ వయసువాళ్లు ఈ రకం సినిమాకే ఎందుకు ఎగబడతారన్నది చూద్దాం, ఎందుకంటే మీ రెండో సగం రిపేరు దీని మీదే ఆధారపడి ఉంది. నవ్వు మీద ఏళ్ల తరబడి పనిచేసిన రాబర్ట్ ప్రొవైన్ లెక్క ప్రకారం, టీవీ, పుస్తకం లాంటివి పక్కన పెడితే, మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడు. ఇరవై ఏళ్లవాడు ఈ సినిమాకి ఒక్కడూ రాడు, గుంపుతో వస్తాడు. తెరని ఎంత చూస్తాడో పక్కవాడిని అంత చూస్తాడు. ఎవడు కళ్లు మూసుకున్నాడు, ఎవడు పైకి ధీమాగా ఉండి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, రేపు ఎవణ్ణి ఆడుకోవాలి. అచ్చమైన హారర్‌లో భయపడ్డవాడికి పరువు పోతుంది. హారర్ కామెడీలో అరిచిన వెంటనే నవ్వేయడానికి సినిమాయే దారి చూపిస్తుంది కాబట్టి పరువు దక్కుతుంది. ఆ దారి కోసమే వస్తారు. అరిచే పనే లేకపోతే ఆ దారితో పనేముంది?

డాల్ఫ్ జిల్మన్ 1971లో ప్రతిపాదించిన ఒక సంగతి కూడా ఇక్కడ పనికొస్తుంది. ఒక ఉద్వేగం ఒంట్లో రేపిన అలజడి వెంటనే చల్లారదు, మిగిలింది తర్వాత వచ్చే ఉద్వేగానికి కలుస్తుంది. గుండె దడ తగ్గకముందే జోకు పడితే ఆ దడంతా నవ్వుగా బయటికొస్తుంది. దీంట్లో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. నిజంగా భయపెట్టాక వచ్చే మొదటి మాటకి, అది ఎంత నాసిరకం జోకైనా, హాలు పగలబడి నవ్వుతుంది. కాబట్టి మీ దగ్గరున్న మంచి పంచ్‌ని అక్కడ ఖర్చు పెట్టకండి. అక్కడ "లైటేస్తావా కొంచెం" అన్నా చాలు. మంచి పంచ్‌లని భయానికి దూరంగా, సినిమా చప్పగా సాగే చోట్లకి దాచుకోండి.

ఇప్పుడు ఒక సీన్ విప్పి చూపిస్తాను, మాటలకంటే అది నయం. హాస్టల్ కథ కాబట్టి అందులోంచే తీసుకుందాం. కిట్టు, రవి అనుకోండి. ఆరో నిమిషంలో కిట్టు తనకి రావాల్సిన డబ్బులడిగితే రవి "రేపిస్తా" అంటాడు. పధ్నాలుగో నిమిషంలో మళ్లీ అడిగితే మళ్లీ "రేపిస్తా", తల కూడా ఎత్తకుండా. ఇరవై ఆరో నిమిషంలో అడగబోతుంటేనే ఇంకొకడు రవి బదులు ఆ మాట అనేస్తాడు. మూడోసారికి అది హాలుకి కంఠతా వచ్చేస్తుంది.

నలభై ఒకటో నిమిషం. అర్ధరాత్రి, పొడవాటి బాత్‌రూం, వరసగా తలుపులు. కిట్టు లోపల, రవి బయట కాపలా. "ఉన్నావా?" "ఉన్నా." ప్రశ్నకీ జవాబుకీ మధ్య 12 ఫ్రేములు, సెకనుకి 24 ఫ్రేముల లెక్కన అర సెకను. రెండోసారీ అంతే, 12 ఫ్రేములు. ఇక్కడ వేసే లయ తర్వాత చెడగొట్టడానికే కాబట్టి ఈ రెండూ ఒక్క ఫ్రేము కూడా అటూ ఇటూ కాకూడదు. తర్వాత కిట్టు ఫోన్ వెలుగుతుంది. రవి నుంచి మెసేజ్: "చలేస్తోంది, రూంకొచ్చేశా". పంపింది నాలుగు నిమిషాల కింద. ఈ షాట్ కనీసం 72 ఫ్రేములు నిలపండి. స్క్రిప్ట్ తెలిసిన ఎడిటర్ ఒక సెకనులో చదివేసి కట్ చేస్తాడు, కొత్తగా చూసేవాడు టైమ్ దగ్గరికి వెళ్లేలోపే షాట్ ఎగిరిపోతుంది. సీన్ చచ్చేది ఎక్కువగా ఇక్కడే.

కిట్టు మొహం రెండు సెకన్లు. చాలా మెల్లిగా "ఉన్నావా?" బయట్నుంచి "ఉన్నా." ఈసారి 36 ఫ్రేములు ఆలస్యంగా. హాలు బిగుసుకుంటుంది. ఇప్పుడు కిట్టు తన బుర్రకి తట్టిన ఒకే ఒక్క పరీక్ష పెడతాడు: "అయితే... నా డబ్బులెప్పుడిస్తావ్?" 40 ఫ్రేముల నిశ్శబ్దం. "రేపిస్తా." కిట్టు గుండె మీద చెయ్యేసుకుని, "అమ్మయ్య, వీడే."

పెద్ద నవ్వు ఇక్కడ. అది తగ్గేదాకా ఒక్క మాట గానీ, కథకి పనికొచ్చే ఒక్క శబ్దం గానీ పెట్టకూడదు. హాల్లో ఇలాంటి నవ్వు రెండు మూడు సెకన్లు సాగుతుంది, అందుకని 60 నుంచి 70 ఫ్రేములు ఖాళీ వదలాలి. కానీ ఒంటరిగా ఫోన్‌లో చూసేవాడికి అదే ఖాళీ లాగ్‌లా అనిపిస్తుంది. అందుకని కిట్టుకి ఒక చిన్న పని ఇవ్వండి, తలుపు గడియ మీదకి చెయ్యి వెళ్తుంది. నవ్వులో ఆ కదలిక మిస్సయినవాడికి నష్టం లేదు, నవ్వనివాడికి చూడ్డానికి ఏదో ఉంది. గడియ సగం జరిగింది. అప్పుడు పక్క గదిలోంచి, కిట్టు గొంతుతోనే, తాపీగా: "అమ్మయ్య, వీడే."

చెయ్యి గడియ మీద ఆగిపోతుంది. అంతే, కట్.

ఇందులో దెయ్యం ఒక్క జోకు కూడా వెయ్యలేదు. "రేపిస్తా" అన్నప్పుడు మనం నవ్వింది కిట్టు పరీక్ష మీద, వాడి అమాయకత్వం మీద. ఇంకో పది సెకన్లకి నెమ్మదిగా ఎక్కేది వేరు: ఆ మాట దానికి ఎలా తెలిసింది? అంటే ఆరో నిమిషం నుంచీ వింటోంది. ముందు నవ్విన మూడు సీన్లూ వెనక్కి వెళ్లి భయంగా మారిపోతాయి. కుర్రవాళ్లు సినిమా అయ్యాక బయట నిలబడి మాట్లాడుకునేది ఇలాంటి వాటి గురించే, రెండోసారి చూసేది కూడా వీటి కోసమే.

దీన్ని చెడగొట్టే మార్గాలు నాలుగైదు ఉన్నాయి, అన్నీ మంచి ఉద్దేశంతోనే చేస్తారు. ఆఖరి మాట మీద "ఢాం" అని మ్యూజిక్ వేస్తారు. తాపీగా వచ్చిన మాటకి ఉన్న బలమంతా పోతుంది. దెయ్యం మొహం చూపించకపోతే ఎలా అని పక్క గది మీద కెమెరా పెట్టి ఒక క్లోజప్ అతికిస్తారు. డబ్బింగ్‌లో ఆ మాటని వేరే ఆర్టిస్ట్ చేత బొంగురు గొంతుతో చెప్పించి, పైన రివర్బ్ (గొంతు మోగే ఎఫెక్ట్) పోస్తారు. వద్దు. కిట్టు నటుడి చేతే, అదే మైకు మీద, అదే దూరంలో చెప్పించండి. మారాల్సింది ఒక్కటే, మాటకి ముందూ వెనకా ఊపిరి శబ్దం పూర్తిగా కోసేయండి. ఏం తేడా ఉందో చెప్పలేరు గానీ, ఏదో తేడా ఉందని చెవికి తెలిసిపోతుంది. శబ్దం ఎటునుంచి వచ్చిందో సరౌండ్ స్పీకర్లు ఉన్న హాల్లో తెలుస్తుంది, ఫోన్‌లో తెలియదు. అందుకని నటుడు తల తిప్పకుండా కళ్లు మాత్రం ఎడమకి తిప్పాలి. ఆ షాట్ లేకపోతే ప్యాచ్ వర్క్‌లో, అంటే మిగిలిపోయిన షాట్లు తర్వాత తీసేటప్పుడు, తీసుకోండి, గంట పని.

జంప్ స్కేర్ల సంగతి, అంటే ఉన్నట్టుండి ఉలిక్కిపడేట్టు చేసే దెబ్బలు. మీ కట్‌లో పధ్నాలుగు ఉన్నాయన్నారు. రెండు గంటల సినిమాకి ఐదో ఆరో చాలు. ఉలికిపాటు అన్నది ఆలోచనతో పనిలేని రిఫ్లెక్స్. పెద్ద శబ్దం పడ్డాక కనురెప్ప కొట్టుకోవడానికి 30 నుంచి 50 మిల్లీసెకన్లు చాలు, అంటే దాదాపు ఒక ఫ్రేము. కానీ అదే దెబ్బ మళ్లీ మళ్లీ కొడితే ఒళ్లు అలవాటు పడిపోతుంది, తొమ్మిదోసారికి చిరాకు తప్ప ఉలుకు ఉండదు. స్నేహితుడు వెనకనుంచి భుజం మీద చెయ్యేసే ఉత్తుత్తి బెదిరింపు సినిమా మొత్తానికి ఒక్కటే, అదీ అసలు దెయ్యం మొదటిసారి దెబ్బ కొట్టకముందు. ఆ తర్వాత పెడితే మీరే మీ దెయ్యాన్ని ఉత్తుత్తిదిగా చేసినట్టు.

మిగిలిన ఐదారు కూడా పేలడంలేదంటే కారణం సాధారణంగా సౌండ్‌లో ఉంటుంది. రెండు విషయాలు చూసుకోండి. మొదటిది, దెబ్బ ఎంత గట్టిగా ఉందన్నదానికంటే ఎంత చప్పున మొదలైందన్నది ముఖ్యం. మెల్లగా ఎక్కుతూ వచ్చే శబ్దం ఎంత పెద్దదైనా ఉలిక్కిపడేట్టు చెయ్యదు. మీ ట్రాక్‌ని పెద్దది చేసి చూడండి, స్టింగర్ (భయపెట్టే చోట పడే ఆ పెద్ద శబ్దం) మొదట్లో నాలుగైదు ఫ్రేముల ఫేడ్-ఇన్, అంటే మెల్లగా ఎక్కడం, ఉందేమో. ఉంటే తీసేయండి. రెండోది చాలామందికి తెలియదు. పెద్ద శబ్దానికి కాస్త ముందు ఒక చిన్న శబ్దం వినిపిస్తే ఉలికిపాటు బాగా తగ్గిపోతుంది. ఆ "కాస్త" అంటే దాదాపు 30 నుంచి 500 మిల్లీసెకన్లు, 24 ఫ్రేముల లెక్కలో ఒక ఫ్రేము నుంచి 12 ఫ్రేముల దాకా. ఫోలీవాళ్లు (అడుగులు, బట్టల్లాంటి చిన్న శబ్దాలు విడిగా రికార్డ్ చేసేవాళ్లు) శ్రద్ధగా పెట్టిన బట్టల రాపిడి, తలుపు కిర్రుమనే మొదటి ముక్క, దెయ్యం పాదం శబ్దం సరిగ్గా ఆ సందులో పడి మీ దెబ్బని మింగేస్తాయి. స్కేర్‌కి ముందు అర సెకను పాటు గది మామూలు హోరు తప్ప ఇంకేమీ లేకుండా తుడిచేయండి. సున్నా నిశ్శబ్దం కూడా వద్దు, డిజిటల్‌గా పూర్తి నిశ్శబ్దం వస్తే ఏదో రాబోతోందని అందరికీ తెలిసిపోతుంది.

మరో మాట. మీ ప్రేక్షకుల్లో చాలామంది చివరికి చూసేది ఫోన్‌లో. ఫోన్ స్పీకర్‌లో దాదాపు 200 హెర్ట్జ్ కిందున్నదేదీ సరిగ్గా పలకదు. హాల్లో కుర్చీలు అదరగొట్టిన బూమ్ అక్కడ మాయం. స్టింగర్‌లో బాస్‌తో పాటు 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఒక పదునైన ముక్క ఉండాలి: గాజు, లోహం, గోరు గీత, ఏదైనా. ఆర్ఆర్ (రీ-రికార్డింగ్, నేపథ్య సంగీతం పని) అయ్యాక ఫైనల్ మిక్స్‌ని ఒక మామూలు ఫోన్‌లో, ఇయర్‌ఫోన్ లేకుండా విని అప్పుడు ఓకే చెప్పండి.

దెయ్యానికి నియమాలు రాసుకున్నారా? మీ సినాప్సిస్‌లో కనబడలేదు. ఈ తరం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గేములు ఆడినవాళ్లు. ఎక్కడికి రాగలదు, ఏం చేస్తే ఆగుతుంది, దానికి కావాల్సిందేమిటి అన్న మూడు ప్రశ్నలకి జవాబు తెలిస్తే వాళ్లంతట వాళ్లే ఆడటం మొదలుపెడతారు: "అరే మాట్లాడకు, మాట్లాడకు" అని తెరకి చెప్తారు. పై సీన్‌లో నియమం ఒకటి దొరికింది, అది విన్న గొంతునే వాడగలదు. దీని నుంచి ఎంత కామెడీ పుడుతుందో చూడండి. నలుగురూ మాటలు మానేసి సైగలతో గొడవపడాలి. ఒకడు నిద్రలో మాట్లాడే రకం. దెయ్యం వినలేదని నమ్మకంగా చెప్పుకోగల కొత్త రహస్య పదం ఒకటి కాగితం మీద రాసుకోవాలి, అందులో ఒకడి చేతిరాత ఎవరికీ అర్థం కాదు. జోకుల కోసం వెతుక్కోనక్కర్లేదు, నియమం పిండితే వస్తాయి. మూడు నియమాలూ నలభై అయిదో నిమిషంలోపు తెర మీద జరిగి చూపించాలి, పెద్దాయన ఒకాయన కూర్చుని చెప్పడం కాదు. ఆ తర్వాత జోకు కోసమైనా సరే, ఏ ఒక్క నియమాన్నీ తప్పకూడదు. ఒక్కసారి తప్పితే చూసేవాడు ఆట మానేస్తాడు.

వీటితో పాటే "మరి ఎందుకు వెళ్లిపోరు?" అన్నదానికి గట్టి జవాబు కావాలి. సిగ్నల్ లేదు, బండి స్టార్ట్ కాలేదు అంటే ఇప్పుడెవరూ ఊరుకోరు. ఈ వయసువాళ్లకి నిజంగా ఉండే కారణాలు వాడండి. ఖాళీ చేస్తే కట్టిన అడ్వాన్సు పోతుంది, ఇంకో చోటికి డబ్బుల్లేవు. ఇంట్లో అబద్ధం చెప్పి ఇక్కడున్నాడు. నలుగురిలో ఒకడికి ఇంకొకరంటే ఇష్టం, చెప్పలేదు, వాళ్లున్నారు కాబట్టి వీడూ ఉన్నాడు. దెయ్యం కంటే ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పడం ఎక్కువ భయం అన్న పరిస్థితి కల్పించగలిగితే నవ్వూ అక్కడే ఉంది, కథా అక్కడే ఉంది. ఇరవై ఏళ్లవాళ్లు తమని తాము చూసుకునేది దెయ్యంలో కాదు, ఇందులో.

పాత్రల విషయం త్వరగా చెప్తాను. మీ నలుగురూ ఒకేలా అరుస్తున్నారు, అందుకే రియాక్షన్ షాట్లు చప్పగా ఉన్నాయి. భయం పుట్టగానే ఒకడు పరిగెడతాడు, ఒకడు రాయిలా బిగుసుకుపోతాడు, ఒకడు ఆపకుండా వాగుతాడు, ఒకడు "అబ్బే, గాలి" అంటాడు. ఇలా పంచేసి సినిమా చివర్లో ఒక్కసారి మాత్రం తారుమారు చెయ్యండి. ఎప్పుడూ వాగేవాడు నోరు మూసుకున్న క్షణం ఏ దెయ్యం మొహం కంటే భయంగా ఉంటుంది.

స్నేహితుడు చచ్చి తిరిగొచ్చే ట్రాక్ ఉంచాలా తీసేయాలా అన్నారు. ఉంచండి, కానీ ధోరణి మార్చండి. 1981 నాటి "యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్"లో చనిపోయిన స్నేహితుడు మాటిమాటికీ వచ్చి కబుర్లు చెప్తాడు. మాటతీరు బతికున్నప్పటిలాగే సరదాగా ఉంటుంది, ఒళ్లు మాత్రం వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త కుళ్లిపోయి ఉంటుంది. నవ్వు మాటలో, భయం మేకప్‌లో. అదే సినిమాలో మనిషి తోడేలుగా మారే సీన్‌ని చీకట్లో దాచకుండా, లైట్లు వెలుగుతున్న గదిలో, మెల్లగా సాగే పాట వెనక వినిపిస్తుంటే తీశారు. ఆ మేకప్‌కే రిక్ బేకర్‌కి మేకప్ విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి ఆస్కార్ వచ్చింది. సరదా ఎంత ఉన్నా నొప్పి దగ్గర వాళ్లు రాజీపడలేదు. మీ సినిమాలో మొదటిసారి ఎవరికైనా దెబ్బ తగిలే షాట్ చూడండి. వాడు వెంటనే జోకేస్తున్నాడు. ఆ జోకు తీసేసి నాలుగు సెకన్లు నొప్పి పడనివ్వండి, జోకు పక్కవాడికి ఇవ్వండి. రక్తం ఎంత ఉండాలన్నది నిజానికి పెద్ద ప్రశ్నే కాదు. మనకి దగ్గరైన పాత్ర ఒంటి మీద చిన్న గాటు ఏడిపిస్తుంది, పేరు లేని పాత్ర మీద బకెట్ రక్తం నవ్విస్తుంది.

ఇప్పుడు మీ రెండో సగంలో అసలు గొయ్యి: డెబ్బై రెండో నిమిషం నుంచి తొంభై ఒకటి దాకా దెయ్యం ఫ్లాష్‌బ్యాక్. పంతొమ్మిది నిమిషాల పాటు మన నలుగురూ తెర మీద లేరు. నవ్వించే మనుషులే లేకపోతే నవ్వు లేదు, జరిగిపోయిన కథ కాబట్టి ఉత్కంఠా లేదు. దాన్ని ముక్కలు చెయ్యండి. దెయ్యానికి జరిగిన అన్యాయం మొత్తం నాలుగైదు నిమిషాల్లో చెప్పొచ్చు, అదీ ఒకేచోట కాకుండా. హాస్టల్ రిజిస్టర్‌లో కొట్టేసిన పేరు ఒకచోట, గోడ మీద సున్నం కింద బయటపడ్డ రాత ఒకచోట, అది అనుకరించే గొంతుల్లో మన నలుగురిదీ కాని ఐదో గొంతు ఒకచోట. ఆఖరికి దెయ్యం మీద జాలి కలగాలనుకుంటే కలగనివ్వండి, జాలి కలిగాక కూడా అది ప్రమాదకరంగానే ఉండాలి. కళ్లనీళ్లు పెట్టించి వెంటనే క్లైమాక్స్‌లో బెదిరించబోతే పాత తుమ్ము సమస్యే మళ్లీ.

భాష గురించి. సోషల్ మీడియా మీమ్ డైలాగులు పదకొండు లెక్కపెట్టారట, యూత్ కనెక్ట్ కోసం అన్నారు. షూటింగ్ నుంచి రిలీజుకి ఏడాది పట్టినా ఆ మీమ్‌లు అప్పటికి పాతబడి ఉంటాయి, పాత మీమ్ చెప్పేవాడు బాబాయిలా కనబడతాడు. అన్నీ పీకేయండి. యూత్ భాషంటే కొత్త పదాలు కాదు, మాట మధ్యలో తుంచే తీరు. స్నేహితులు పూర్తి వాక్యాలు మాట్లాడుకోరు. ఇంకా, లావుగా ఉన్నవాడి మీద, రంగు మీద, ఆడ దెయ్యం మేకప్ లేకుండా ఎలా ఉంటుందన్నదాని మీద ఉన్న జోకులు టెస్ట్ షోలో సగం హాలుకే నవ్వు తెప్పించి ఉంటాయి. ఈ సినిమాకి గుంపులుగా వచ్చేవాళ్లలో అమ్మాయిలూ ఉంటారు, గుంపులో ఇద్దరు ముడుచుకుపోతే మిగతావాళ్ల నవ్వు కూడా తగ్గుతుంది.

కట్ సరిచేశాక మళ్లీ చూపించేటప్పుడు పద్ధతి మార్చండి. స్నేహితుల్ని పిలవకండి. ఒకరికొకరు తెలిసిన ముగ్గురేసి నలుగురేసి ఉండే ఐదారు గుంపుల్ని పిలవండి, మొత్తం ఇరవై మంది చాలు. వాళ్ల అనుమతి తీసుకుని తెర పక్కనుంచి చీకట్లో పనిచేసే కెమెరాతో హాలుని రికార్డ్ చేసి, తర్వాత సినిమా టైమ్‌కోడ్‌తో కలిపి పక్కపక్కన ప్లే చెయ్యండి. మూడు గుర్తులు పెట్టండి: నవ్వు, ఉలికిపాటు, వెలిగిన ఫోన్. ఫోన్ వెలిగిన సీన్‌ని పట్టుకుని కత్తిరించడం మామూలుగా చేసే తప్పు. జనం విసుగు పుట్టిన వెంటనే ఫోన్ తీయరు, కొంతసేపు ఓపిక పడతారు. అందుకని ఆ గుర్తు నుంచి ఐదారు నిమిషాలు వెనక్కి వెళ్లి చూడండి, ప్రమాదం ఎక్కడ సడలిందో అక్కడ దొరుకుతుంది. అయ్యాక "ఎలా ఉంది" అని అడగొద్దు, "బాగుంది బ్రో" అంటారు. "దెయ్యం ఏం చెయ్యగలదు, ఏం చెయ్యలేదు?" అని ఒక్కటి అడగండి. ఇరవై మందిలో పదిహేను మంది ఒకే జవాబు చెప్పకపోతే నియమాలు తెర మీదకి రాలేదని అర్థం. రెండోది, "ఆ నలుగురిలో ఎవరు చచ్చిపోతారని భయపడ్డారు?" ఎవరి పేరూ రాకపోతే సౌండ్ మిక్స్ మీద ఇంకో రూపాయి కూడా పెట్టకండి, మొదటి ఇరవై నిమిషాల పాత్రల పరిచయం మళ్లీ రాయాలి.

పని మొదలుపెట్టే వరస ఇలా పెట్టుకుంటే ఖర్చు తక్కువ. ముందు కోతలు: దెయ్యం మీద జోకులన్నీ, మీమ్‌లు, ఎనిమిది తొమ్మిది జంప్ స్కేర్లు. దీనికే ఏడెనిమిది నిమిషాలు పోతాయి. తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌ని ముక్కలు చెయ్యడం, ఇంకో పధ్నాలుగు. 118 కాస్తా 97 దగ్గరికి వస్తుంది, ఈ రకం సినిమాకి అది సరైన నిడివి. అప్పుడు నియమాలు చూపించడానికి, రియాక్షన్లు సరిచెయ్యడానికి ఏ షాట్లు కావాలో రాసుకుని రెండు రోజుల ప్యాచ్ వర్క్ ప్లాన్ చెయ్యండి. సౌండ్ అన్నిటికంటే చివర, ఎందుకంటే ఒక్క ఫ్రేము కదిలినా స్కేర్‌కి ముందు తుడిచిన నిశ్శబ్దం మళ్లీ కలుషితం అవుతుంది. తుమ్ము షాట్‌కి టెస్ట్ షోలో చప్పట్లు పడ్డాయి కాబట్టి దాన్ని టీజర్‌లోనైనా వాడుకుందామని ఉంటుంది. వాడితే దెయ్యం ఏమీ చెయ్యదన్న లెక్క జనం టికెట్ కొనకముందే వేసేసుకుంటారు. టీజర్‌కి బాత్‌రూం సీన్ ఇవ్వండి, "రేపిస్తా" దగ్గర ఆపేయండి.